వేపచెట్టు పాలకు మూడు కెమెరాలు, మా ఊరి నీళ్లకు ఒక్కటీ లేదేం?

ప్రశ్న: మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర ఒక పల్లె. మా మామయ్య నలభై ఏళ్లుగా పేపరు తెప్పిస్తున్నారు. ఈమధ్య మా పక్క వీధిలో వేపచెట్టుకు పాలు కారుతున్నాయని మూడు చానళ్ల వాళ్లు వచ్చి వెళ్లారు. మర్నాడు పేపర్లో ఫొటోతో సహా పడింది. మా ఊళ్లో బోరు నీళ్లు తాగలేం, ట్యాంకరు వారానికి రెండుసార్లు వస్తే గొప్ప. ఆ సంగతి మాత్రం ఎప్పుడూ పడలేదు. పేపరుకు రాసే అబ్బాయి మా ఊరివాడే. అడిగితే ‘నేను పంపిస్తూనే ఉన్నా వదినా, డెస్కులో తీసేస్తున్నారు’ అంటాడు. పక్క ఊళ్లో ఒక అమ్మాయి బావిలో పడి చనిపోతే ‘ప్రేమ వ్యవహారమే కారణమా?’ అని పెద్దక్షరాలతో వేశారు. ఆ తల్లి ఇప్పటికీ గడప దాటడం లేదు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడి ముందు ఈ పేపరు, ఈ టీవీ వద్దు, రెండూ మానేద్దామంటే మామయ్య ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, పేపరు మానిపించకండి. టీవీ సంగతి వేరు, దాని గురించి కాస్త తర్వాత చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది మీరు వేసిన లెక్క. చెట్టుకు మూడు కెమెరాలు, నీళ్లకు ఒక్కటీ లేదు. విలేకరులు పంపిన వార్తలను ఏరి, దిద్దే జిల్లా డెస్కులో చాలాకాలం పనిచేసినవాడిగా ఆ లెక్క ఎందుకలా తేలుతుందో చెప్పగలను. అది తెలిస్తే మీ ఊరి నీళ్ల వార్త ఎలా వేయించుకోవాలో కూడా తెలుస్తుంది.

‘జనం ఇలాంటివే చూస్తున్నారు కాబట్టి ఇస్తున్నాం’ అని మా రంగంలో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మీ మామయ్య ఇన్నేళ్లుగా పేపరు తెప్పించేది చెట్టు పాల కోసం కాదు. పనికిమాలిన వార్తలు ఇంతగా పెరగడానికి మొదటి కారణం అవి చవకగా వస్తాయి. ఎవరో ఫోనులో తీసిన వీడియో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. దానికి నాలుగు వాక్యాలు కలిపితే పది నిమిషాల్లో ఐటమ్ తయారు. ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ ఫోన్ చేసి బెదిరించరు, లాయరు నోటీసు రాదు. కనిగిరిలోనో మార్కాపురంలోనో డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే లెక్చరరుకు ఒక్క ఫోన్ చేసి, చెట్టు నుంచి అలా తెల్లటి ద్రవం ఎందుకు కారుతుందని అడిగి ఉంటే అదే వార్త పిల్లలకు పాఠమయ్యేది. ఆ ఒక్క ఫోన్ కూడా చేయలేదు చూడండి, నాకు బాధ కలిగించేది అదే.

మరి నీళ్ల వార్తో? దానికి ఆ అబ్బాయి మీ ఊరితో పాటు చుట్టుపక్కల నాలుగు ఊళ్లు తిరగాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం అసిస్టెంట్ ఇంజినీరు దొరికేదాకా ఆఫీసు చుట్టూ తిరగాలి. బోరు నీళ్ల పరీక్ష రిపోర్టు సంపాదించాలి. ట్యాంకర్ల కాంట్రాక్టు ఎవరి పేరున ఉందో, నిజంగా ఎవరు నడుపుతున్నారో కనుక్కోవాలి. ఆ నడిపే మనిషి మండలంలో పలుకుబడి ఉన్నవాడే అయి ఉంటాడు. ఇంత తిరుగుడుకీ పెట్రోలు సొంతం.

మండల కంట్రిబ్యూటర్, అంటే మీ ఊరి అబ్బాయిలా వార్తలు రాసి పంపేవాడు, జీతగాడు కాదమ్మా. అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చే డబ్బో, నెలకు ఇంతని ఇచ్చే చిన్న మొత్తమో అతని ఆదాయం. కొన్ని సంస్థల్లో అదీ ఉండదు. పైగా ఉగాదికి, సంక్రాంతికి, పేపరు వార్షికోత్సవానికి యాడ్ టార్గెట్ ఉంటుంది, చందాదారులను చేర్పించే టార్గెట్ వేరే. ఆ యాడ్‌లు ఎవరిస్తారు? మండలంలో డబ్బున్న నాయకుడు, కాంట్రాక్టరు, ప్రైవేటు కాలేజీ యజమాని. పండక్కి ఎవరి ఫొటోతో శుభాకాంక్షల ప్రకటన తెచ్చాడో, వాళ్ల మీదే మర్నాడు వార్త రాయమంటే అతని పరిస్థితి ఏమిటో ఆలోచించండి. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల గురించి వార్తల్లా వేసిన సంగతి పెద్ద గొడవై, పత్రికల తీరుతెన్నులు చూసే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి. 2010లో వచ్చిన ఆ నివేదికలో మన రాష్ట్రం ప్రస్తావన గట్టిగానే ఉంది. పెయిడ్ న్యూస్ అన్న మాట అప్పుడే ఊళ్లలోకి వచ్చింది.

మంచి వార్తకు ఖర్చవుతుందని మీ జిల్లాకు వేరే చెప్పనక్కర్లేదు. ఉమ్మడి జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు 1921లో మద్రాసులో స్వరాజ్య పత్రిక పెట్టి, బారిస్టరుగా సంపాదించినదంతా దానిలో పోశారు. చివరికి అది అప్పులతో మూతపడింది. ఇటు నెల్లూరులో జమీన్ రైతు వారపత్రిక వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటంలోంచి పుట్టింది. వార్త రాయడానికీ వేయడానికీ ఎవరో ఒకరు ఖర్చు భరించాలి. ఆ భారం పాఠకుడు మోయకపోతే యాడ్ ఇచ్చేవాడు మోస్తాడు, పేపరు అతని మాటే వింటుంది. మీ మామయ్య నెల నెలా కట్టే బిల్లు పేపరు ఖర్చులో చిన్న భాగమే కావచ్చు, కానీ ఆ డబ్బు ఏ కాంట్రాక్టరుకూ మొహమాటపడదు. పేపరు మానొద్దని నేను అనడానికి మొదటి కారణం ఇదే.

మీ ఊరి అబ్బాయి మాట నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. ‘పంపినవి ఒకసారి చూపించు తమ్ముడూ’ అని అడగండి. విలేకరి కార్డు జేబులో పెట్టుకుని రేషన్ డీలరు దగ్గరా, ఇసుక ట్రాక్టరు దగ్గరా డబ్బులు గుంజేవాళ్లు మా రంగంలో ఉన్నారు. వాళ్లను వెనకేసుకురాను. ఇతను నిజంగా పంపుతుంటే మాత్రం ఫోనులో చూపించడానికి వెనకాడడు. అలాంటివాడైతే అతన్ని తిట్టొద్దు, అతనికి బలం ఇవ్వండి.

డెస్కులో ఎందుకు తీసేస్తారు? అక్కడ రాత్రిపూట సబ్ ఎడిటర్ అడిగే మొదటి ప్రశ్న ‘ఇందులో కొత్తేముంది?’ అని. మీ ప్రాంతంలో నీళ్ల కష్టం అంత పాతది. ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు గురించి మన దేశంలో మొట్టమొదట వైద్య పత్రికలో రాసింది ఆ నెల్లూరు జిల్లా పల్లెలను చూసే, 1937లో. అంతకుముందే రైతులు తమ ఎడ్లు కాళ్లు కదపలేకపోవడం గమనించారు. డాక్టర్ల కన్నా ముందు పట్టుకున్నది వాళ్లే. ఇంతకాలంగా ఉన్న బాధ కాబట్టే డెస్కులో అది ‘పాత ఐటమ్’. ‘గుక్కెడు నీటి కోసం గ్రామస్థుల అవస్థలు’ అని అతను పంపి ఉంటాడు. ఆ శీర్షికతో ప్రతి ఏప్రిల్‌లో ప్రతి మండలం నుంచీ వార్త వస్తుంది. నిన్నటిదీ అదే, నేటిదీ అదే అని పక్కన పడేస్తారు.

అది తప్పు. నెమ్మదిగా జరిగే అన్యాయాన్ని పట్టుకోలేకపోవడం మన జర్నలిజంలో అన్నింటికన్నా పెద్ద లోపమని నా అభిప్రాయం. మీ ప్రాంతానికి సొరంగాల ద్వారా కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టునే చూడండి. 1996లో శంకుస్థాపన, 2024 మార్చిలో సొరంగాల ప్రారంభోత్సవం. ఆ రెండు సందర్భాల్లోనూ పేజీలు నిండాయి. మధ్యలో 28 ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో ఏ నెల పని ఎందుకు ఆగింది, ఏ ఏడాది ఎంత డబ్బు ఇస్తామని ఎంత ఇచ్చారు అన్నది వరసగా రాసిన పేజీలు చాలా తక్కువ. ఎవరైనా పెద్దమనిషి పర్యటనకు వస్తే వార్త, రాకపోతే లేదు.

డెస్కు పద్ధతి మారేదాకా మీరు ఆగలేరు కాబట్టి, వాళ్లు కాదనలేని ‘కొత్త’ను మీరే తయారుచేయాలి. మీ వీధిలో నలుగురు ఆడవాళ్లు కలిసి ఒక నోటుబుక్కు పెట్టండి. ట్యాంకరు ఏ తేదీన వచ్చింది, ఎన్ని గంటలకు, ఎన్ని ట్రిప్పులు, బండి నంబరు. నెల రోజులు ఒక్క రోజూ వదలకుండా రాయండి, రాని రోజున రాలేదని రాయండి. కింద ఇద్దరు సంతకం పెట్టండి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి అదే నెలకు మీ ఊరికి ఎన్ని ట్రిప్పులు తోలినట్టు రికార్డుల్లో ఉంది, ఎంత బిల్లు ఇచ్చారు అని అడగండి. మన రాష్ట్రంలో ఆ అర్జీకి గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ప్రశ్న పొడుగ్గా రాయొద్దు. ‘నీటి సమస్య ఎందుకు తీరలేదు’ అని అడిగితే జవాబు రాదు. తేదీలు, ట్రిప్పులు, బిల్లుల నకళ్లు అని అడిగితే కాగితం వస్తుంది.

మీ నోటుబుక్కు, వాళ్ల కాగితం పక్కపక్కన పెట్టండి. రెండూ సరిపోతే మంచిదే, ఊరికి ఎన్ని ట్రిప్పులు చాలవో ఆ లెక్కతోనే అడగొచ్చు. తేడా వస్తే అది వార్త, ఏ డెస్కూ తీసేయలేని వార్త. అలాగే బోరు నీళ్లు. జల జీవన్ మిషన్ కింద ఊళ్లో మహిళలకే నీటి పరీక్ష కిట్లు వాడడం నేర్పించే ఏర్పాటు ఉంది. మీ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటును అడగండి, లేదంటే నీటి శాంపిలు ల్యాబుకు పంపించమని రాసి ఇవ్వండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ఆ నీళ్లు తాగకూడదు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ మాట మీ వీధిలో అందరికీ చెప్పండి, వార్త పడినా పడకపోయినా. రిపోర్టు చేతికి రాగానే ఆ అబ్బాయికి నకలు ఇవ్వండి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల కార్యక్రమానికి ఒక నకలు పట్టుకెళ్లండి. రసీదు తీసుకోండి. రసీదు నంబరు ఉంటే అధికారి వివరణ అడగడం విలేకరికి సులువవుతుంది.

ఇంకో మాట. అతను రాసేటప్పుడు ‘పేరు వద్దు’ అనకండి. ఊరంతా కష్టం చెప్పి, పేరు అడిగేసరికి అందరూ వెనక్కి తగ్గుతారు. అప్పుడు వార్త ‘గ్రామస్థులు వాపోతున్నారు’ దగ్గరే ఆగిపోతుంది, అధికారి అలాంటిదేం లేదని ఒక్క మాటలో కొట్టిపారేస్తాడు. మీరు నలుగురూ పేర్లతో నిలబడితే ఆ అబ్బాయికి సగం భయం పోతుంది.

ఇదంతా జరిగే పనేనా అనిపించవచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంట ఎక్కడో కాదు, మీకు దగ్గరిదే. 1990ల మొదట్లో అక్షర దీపం చదువుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ల వెంట నడిచి ఊళ్లోకి సారా రానివ్వలేదు. ఆ కబురు ఊరి పొలిమేర దాటింది పేపర్ల వల్లే. అప్పటికి కొద్ది ఏళ్ల ముందే జిల్లాకొక అనుబంధంగా చిన్న పేపరు వేయడం మొదలైంది. ఒక ఊళ్లో ఆడవాళ్లు సారా దుకాణం మూయిస్తే మర్నాడు పొద్దున్నే పక్క మండలం ఆడవాళ్లు పిల్లల చేత చదివించుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఏ మహానగరం నుంచో ఎవరో వచ్చి రాసిన వార్తలు కావవి. మండలాల్లో సైకిళ్ల మీద, మోపెడ్‌ల మీద తిరిగిన విలేకరులు రాసినవి. నేను ఈ పనిని ఇంకా ప్రేమించడానికి కారణం ఆ రోజులే. ఆ చిన్న పేపర్లు కరోనా వచ్చిన 2020లో పేజీలు తగ్గి అసలు పేపర్లో కలిసిపోయాయి. మీ ఊరికి దొరికే చోటు ఇంకా చిన్నదైంది. ఆ చిన్న చోటులో చెట్టు ఫొటో వేస్తే ఏ వార్త పోయిందో అని నేను ఇప్పటికీ పేజీ తిప్పుతూ వెతుక్కుంటాను.

ఇక టీవీ. మీ అబ్బాయి ముందు సాయంత్రం చర్చలు కట్టేయండి, అందులో పోయేదేం లేదు. దేశం మొత్తం మీద 50 వేల పైచిలుకు ఇళ్లలో పెట్టిన మీటర్లను బట్టి వారం వారం రేటింగ్ తేలుస్తారు. అందులో నాలుగు అంకెలు పైకి పోవడానికే ఆ అరుపులన్నీ. యూట్యూబ్ చానళ్లకు ఆ మీటర్లు కూడా లేవు, థంబ్‌నెయిల్ మీద వేలు పడితే చాలు.

కానీ పిల్లాడికి వార్తలే లేకుండా చేయకండి. ఎలా చూడాలో నేర్పండి. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చే మందు కోసం వేలమంది వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది పనికిమాలిన వార్త కాదు, ప్రాణాలకు సంబంధించిన పెద్ద వార్త. కానీ రోజంతా చూపించిందేమిటి? క్యూలు, తోపులాట, కోలుకున్నామని చెప్పేవాళ్ల వీడియోలు. ఒకరిద్దరు కోలుకున్నామంటే అది మందు వల్లే అని ఎలా తెలుస్తుంది, అంతమంది మాస్కు లేకుండా ఒకచోట చేరితే ఏమవుతుంది అని నిలబడి అడిగిన మైకులు తక్కువ. నెలాఖరున ప్రభుత్వం ఆయన మందుల్లో కంటి చుక్కలను పక్కన పెట్టి, మిగతావాటిలో కొన్నింటికి అనుమతి ఇచ్చింది. కంటి చుక్కలను ఎందుకు పక్కన పెట్టారన్నది ఎంతమందికి చేరింది? పెద్ద వార్తను కూడా వేపచెట్టు వార్తలా చూపించవచ్చని ఆ రోజుల్లో తెలిసింది.

కాబట్టి పొద్దున్నే మామయ్యను, మనవణ్ని ఒకచోట కూర్చోబెట్టండి. జిల్లా పేజీలో ఒక్క వార్త తీసుకుని, ఇందులో ఎవరెవరు మాట్లాడారో పెన్సిలుతో గీత గీయమనండి. ఎవరిని అడిగి ఉండాల్సింది, అడగలేదు అని తాతను చెప్పమనండి. ఆయన నలభై ఏళ్ల అనుభవం అక్కడ పనికొస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇది చాలు, నెల తిరిగేసరికి మీకన్నా వాడే ముందు పట్టుకుంటాడు.

పక్క ఊరి అమ్మాయి గురించి రాయడానికి నాకు చేయి రావడం లేదు. ‘కారణమా?’ అని ప్రశ్నార్థకం పెడితే ఏమైనా వేయొచ్చనుకునే అలవాటు మా రంగానికి పట్టిన జబ్బు. రుజువుంటే వాక్యం రాయాలి, లేకపోతే మానాలి. చనిపోయిన పిల్ల తిరిగి జవాబు చెప్పలేదు, తల్లి ఏ పేపరుకూ ఖండన పంపలేదు. ఎలా చనిపోయిందో ఇంకా తేలకముందే ప్రేమ పేరు ఎత్తారంటే అది వార్త కాదు, వీధి అరుగు మీది పుకారును అచ్చు వేయడం. ఆత్మహత్య వార్తలను సంచలన శీర్షికలతో వేయకూడదు, ఎలా చేసుకున్నారో వివరించకూడదు అని 2019లో ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

దీనికి దారి ఉంది. ముందు ఆ పేపరు ఎడిటరుకు తేదీ, ఎడిషన్, పేజీ నంబరు రాసి, కటింగ్ జత చేసి, ఏ మాట తప్పో, ఏం సవరించాలో స్పష్టంగా రాసి రిజిస్టర్ పోస్టులో పంపాలి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక మీదైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపు చేయాలి, కాబట్టి తేదీ చూసుకోండి. లాయరు అవసరం లేదు. కౌన్సిల్ జరిమానా వేయలేదు, జైలుకు పంపలేదు. తప్పు చేశారని హెచ్చరించగలదు, అభిశంసించగలదు. చిన్న శిక్షే అనిపిస్తుంది. కానీ కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చిందంటే డెస్కులో దాని గురించి మాట్లాడుకుంటారు, మరుసటి సారి అలాంటి శీర్షిక పెట్టేటప్పుడు ఎవరో ఒకరు వద్దంటారు. టీవీలో వచ్చినదైతే ముందు ఆ చానల్‌కే రాయాలి, 15 రోజుల్లో వాళ్లు జవాబు చెప్పాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి.

అయితే ఇదంతా మొదలుపెట్టే ముందు మీరు ఒక్కరే, పక్కన ఎవరినీ తీసుకెళ్లకుండా, ఆ తల్లి దగ్గరికి వెళ్లండి. ఫిర్యాదు సంగతి వెంటనే ఎత్తకండి, కాసేపు కూర్చోండి. ఫిర్యాదు పెడితే ఆ శీర్షిక మళ్లీ నలుగురి నోళ్లలో పడుతుందని కూడా దాచకుండా చెప్పండి. ఆమె సరేనంటే ఉత్తరం మీరే రాసి చదివి వినిపించి సంతకం తీసుకోండి. సంతకం పెట్టలేనంటే మీ పేరుతోనే పంపవచ్చు, పాఠకులెవరైనా ఫిర్యాదు చేయవచ్చు. ఆమె అసలే వద్దంటే ఆ కాగితం పంపకండి.